ప్రశ్న వంకరైతే జవాబూ వంకరే!

పోయిన వానాకాలంలో మన తరగతి వాళ్ళు ముగ్గురు చలిజ్వరంతో ఇళ్ళకెళ్ళి క్వార్టర్లీ పరీక్షలు పోగొట్టుకున్నారు. అందుకే దసరా సెలవుల్లో దోమతెరల సంగతి కనుక్కుందామని ప్రశ్నలు రాసుకుని ఇల్లిల్లూ తిరిగాం. మొదటి ప్రశ్న: “మీరు రోజూ దోమతెర కట్టుకుంటున్నారు కదా?” అందరూ “ఆఁ, కట్టుకుంటున్నాం” అన్నారు. సంతోషంగా రాసేసుకున్నాం. ఒక ఇంట్లో మాత్రం తెర చూరు కింద మూటగానే కనిపించింది. “ఇదేంటి మామ్మా?” అంటే, “కాదంటే నువ్వు నొచ్చుకుంటావని అవునన్నానురా” అంది. తప్పు మామ్మది కాదు, మన ప్రశ్నది!

మరి ప్రశ్నలు ఎలా తయారు చేసుకోవాలి?

1. ముందు పని, తర్వాత ప్రశ్న. “ఈ జవాబుతో నేనేం చేస్తాను?” అని ప్రతి ప్రశ్ననీ అడిగి చూడండి. ఏమీ చెయ్యలేకపోతే కొట్టెయ్యండి. పొలానికి వెళ్ళే మనిషిని గంటసేపు నిలబెట్టకూడదు.

2. “కదా” వద్దు. అది జవాబుని మనమే నోట్లో పెట్టడం. మలేరియా సర్వేలు చేసేవాళ్ళు “నిన్న రాత్రి ఈ తెరలో ఎవరెవరు పడుకున్నారు?” అని అడుగుతారు. ఒక్క రాత్రి సంగతి కాబట్టి గుర్తుంటుంది. పేర్లు చెప్పాలి కాబట్టి ఊరికే తలూపడం కుదరదు.

3. ఒక ప్రశ్నలో ఒకటే సంగతి. “తెరలు, మందులు అందాయా?” అంటే, తెర వచ్చి మందు రానివాళ్ళు ఏం చెప్పాలి? రెండు ప్రశ్నలు చెయ్యండి.

4. కాలం స్పష్టంగా ఉండాలి. “తరచుగా జ్వరం వస్తుందా?” అంటే ఒకరికి తరచు వారం, ఇంకొకరికి ఏడాది. తారీకులు గుర్తులేని పెద్దవాళ్ళని “ఇటుకల పండగ తర్వాత ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా?” అని అడగండి.

5. జవాబుల గళ్ళు సరిచూసుకోండి. “1 నుంచి 5”, “5 నుంచి 10” అని రాస్తే 5 ఏ గడిలోకి పోతుంది? “తెలియదు” అనే గడి కూడా ఉండాలి. లేకపోతే ఏదో ఒకటి చెప్పేస్తారు.

6. ఇంటి భాషలో అడగండి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్ళలో అక్కడికక్కడే తలా ఒక రకంగా చెప్పకూడదు. ముందే ఒకరు ఆ భాషలోకి మార్చాలి. ఇంకొకరు దాన్ని విని మళ్ళీ తెలుగులో చెప్పాలి. అర్థం మారిపోతే అక్కడే దొరుకుతుంది.

7. ఎవర్ని అడుగుతున్నామో చూసుకోండి. 1936లో అమెరికాలో ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక అధ్యక్ష ఎన్నికల గురించి సుమారు 1 కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. లాండన్ గెలుస్తాడని రాసింది. కానీ రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు! పత్రిక పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్, కారు ఉన్నవాళ్ళ జాబితాల నుంచి. పైగా కార్డు తిరిగి పంపనివాళ్ళే ఎక్కువ. మనమూ రోడ్డు పక్క ఇళ్ళే అడిగి, కొండమీద ఇళ్ళు వదిలేస్తే అంతే.

8. ముందు నాలుగిళ్ళలో అడిగి చూడండి. జనం ఎక్కడ తికమక పడితే అక్కడ ప్రశ్న మార్చండి.

ఇంకొక మాట. ఇష్టమా అని అడిగాకే మొదలుపెట్టాలి. ఎవరింటి జవాబు ఇంకొకరింట్లో చెప్పకూడదు.

సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వెళ్దాం. ఈసారి తలా 5 ఇళ్ళు, 6 ప్రశ్నలు చాలు. వచ్చాక లెక్క వేసి, ఏ ఊళ్ళో ఎన్ని తెరలు తక్కువో కాగితం మీద రాసి హెల్త్ సెంటర్‌లో ఇద్దాం. వార్డెన్ గారూ, మన డార్మిటరీలో కూడా పేర్లు రాయకుండా ఇదే ప్రశ్న అడగనివ్వండి సార్: “నిన్న రాత్రి ఎవరెవరు తెరలో పడుకున్నారు?”