మృగరాజునకు మత్తుమందు

మనయింట ఆవునకు జబ్బు చేసినచో గుంజకు కట్టి, మెడ నిమిరి, పశువైద్యునకు చూపింతుము. సింహమునకు జబ్బు చేసినచో నిమురువారెవరు?

2021 ఏప్రిల్‌లో హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో ఆసియా సింహములు కొన్ని శ్వాసబాధకు లోనైనవి. వాని ముక్కునుండియు, గొంతునుండియు నమూనాలు తీయవలసివచ్చెను, మత్తుమందిచ్చియే తీసిరి. ఎనిమిది సింహములకు కోవిడ్ సోకినట్లు సి.సి.ఎం.బి. పరిశోధనాలయము మే 4వ తేదీన నిర్ధారించెను. చికిత్స వానికి బాగుగా పనిచేసెను.

ముక్కులో దూదిపుల్ల త్రిప్పుటకు క్షణము చాలును. దానికి ముందువెనుకల జరుగు పనియే కష్టము.

మొదటిది ఉపవాసము. అత్యవసరమైన తప్ప, ముందురోజు మాంసము పెట్టరు. మత్తులోనున్న మృగము వాంతి చేసికొన్నచో అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయవచ్చును. రెండవది బరువు. మందు మోతాదు దానినిబట్టియే యుండును. సింహమును త్రాసుపై నిలుపుట సులభము కాదు గనుక, తరచు కంటి అంచనాయే ఆధారము. మోతాదు తగ్గినచో మృగము తిరుగబడును. హెచ్చినచో శ్వాస మందగించును.

సాధారణముగా కెటమిన్, జైలజిన్ అను రెండు మందులను కలిపి వాడుదురు. రెండును 1962లో రూపొందినవే. కెటమిన్ స్పృహను తొలగించును గాని కండరములను బిగియించును. జైలజిన్ వానిని సడలించును. పొయ్యి ఊదు గొట్టము వంటి పొడవైన గొట్టముతో గాని, తుపాకితో గాని మందుసూదిని తొడకండలో నాటుదురు.

అటుపిమ్మట అందరును నిశ్శబ్దముగా వేచియుండవలెను. అలజడికి బెదరిన మృగమునకు మందు సరిగా పట్టదు. అది ఒరిగిన వెనుక బయటినుండియే పొడవుకఱ్ఱతో చెవిని తాకి చూతురు. చెవి కదలినచో ఇంకను ఆగవలసినదే. కెటమిన్ మత్తులో కన్నులు మూతపడవు. అవి ఎండిపోకుండ లేపనము వేసి గుడ్డ కప్పుదురు.

మేలుకొలుపుట మరింత సున్నితమైనది. జైలజిన్‌కు విరుగుడు గలదు, కెటమిన్‌కు లేదు. తొందరపడి విరుగుడిచ్చినచో కెటమిన్ ప్రభావమొక్కటే మిగిలి, మృగము బిగిసిపోవచ్చును, మూర్ఛలు రావచ్చును. కావున కెటమిన్ తగ్గువరకు ఆగి ఇత్తురు. తూలుచున్న మృగము నీటితొట్టిలో మునుగవచ్చును. తోడి మృగములు దానిపై బడవచ్చును. స్థిరముగా నడచువరకు దానిని ఒంటరిగా ఉంతురు.

మాంసపుముక్క ఆశచూపి, తోకను ఊచలచెంత ఉంచుట నేర్పి, మత్తు లేకయే రక్తము తీయు పద్ధతి నేడు కొన్ని జంతుశాలలలో గలదు. ఆ నేర్పునకు నెలల ఓర్పు కావలెను. అయినను మత్తుమందు తెచ్చు ముప్పు తప్పించుటకు అంతకు మించిన మార్గము లేదు.