ఖాకీ ఒకటే, పని వేరు

ఏప్రిల్ ఎండలో గిద్దలూరు పక్క పల్లెలో గడ్డివామి అంటుకుంటే ఒకరికి 101 గుర్తొస్తుంది, ఇంకొకరికి 100. ఇప్పుడు 112కి చేసినా కబురు చేరుతుంది. పిలుపు ఒకటైనప్పుడు పోలీసు, అగ్నిమాపకం రెండు శాఖలెందుకు, కలిపేస్తే సరిపోదా అని కొందరు అడుగుతుంటారు. అడగదగిన ప్రశ్నే.

కలపడంలో మూడు మెట్లున్నాయి. మొదటిది ఫోన్ నంబరు, అది అయింది. రెండోది పై అధికారం. అది సగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రెండు శాఖలూ హోంశాఖ కిందివే, అగ్నిమాపక శాఖ పైన సాధారణంగా ఐపీఎస్ అధికారే ఉంటారు. కానీ దానికి 1999 నాటి సొంత చట్టముంది, సిబ్బంది, శిక్షణ వేరు. మూడో మెట్టు అసలైనది: లాఠీ పట్టే మనిషే నీళ్ళ గొట్టమూ పట్టడం.

తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో 1950 నుంచీ ఇదే పద్ధతి. ప్రతి అధికారికీ రెండు పనుల్లోనూ శిక్షణ ఇస్తారు, అత్యవసర వైద్యసాయమూ నేర్పుతారు. అక్కడ అది నిలబడింది. అయితే ఆ ఊరి జనాభా సుమారు లక్షన్నర, విస్తీర్ణం 60 చదరపు కిలోమీటర్ల లోపే. మనకు మార్కాపురం నుంచి గిద్దలూరుకే దాదాపు 60 కిలోమీటర్లు, పక్కనే నల్లమల. మార్కాపురం చెన్నకేశవస్వామి తేరు రోజున పోలీసులంతా బందోబస్తులో ఉంటారు. మంటలార్పేదీ వాళ్ళే అయితే, ఆ సాయంత్రం ఏ పల్లెలోనో పూరిల్లు అంటుకుంటే బందోబస్తులోంచి ఎవరిని లాగాలి?

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మరొకటి. మన పల్లెల్లో ఫైరింజన్‌ను పిలవడానికి ఎవరూ జంకరు. పోలీసు అనగానే మాత్రం కేసు, స్టేషను, సాక్ష్యం గుర్తొస్తాయి. వామికి ఎవరో కిట్టనివాళ్ళు నిప్పు పెట్టారన్న అనుమానముంటే, ఆర్పినవారి నివేదిక ఒకటి, దర్యాప్తు చేసేవారి నివేదిక మరొకటి ఉండటం రైతుకు మేలు. రెండూ ఒకే చేతిలో పడితే, ఆలస్యంగా వచ్చారని ఫిర్యాదు చేయడానికి అతను ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

గిద్దలూరు, మార్కాపురం ప్రాంతానికి అసలు కొరత నీళ్ళు. మామూలు ఫైరింజన్ పట్టేది సుమారు 4,500 లీటర్లు. పూర్తి ధారగా వదిలితే కొద్ది నిమిషాల్లో ఖాళీ. వేసవిలో గుండ్లకమ్మ ఎండుతుంది, బోర్లు అడుగంటుతాయి, తాగునీరే ట్యాంకర్లతో తోలుకోవాలి. ఇంజన్ మళ్ళీ ఎక్కడ నింపుకోవాలి? అందుకే కలపవలసింది మనుషుల్ని కాదు, సమాచారాన్ని. ఏ పల్లెలో ఏ బోరు పోస్తోంది, ఏ కుంటలో నీరుంది, పంచాయతీ ట్యాంకర్ డ్రైవరు నంబరెంత అన్నవి మార్చి నెలకే గిద్దలూరు, మార్కాపురం ఫైర్ స్టేషన్ల గోడల మీద ఉండాలి. అదే జాబితా పోలీస్ స్టేషన్‌లోనూ ఉంటే, రాత్రి గస్తీలో మంట మొదట చూసిన కానిస్టేబులే, ఫైరింజన్ వచ్చేలోపు, ట్యాంకర్ డ్రైవర్‌ను నిద్రలేపగలడు.