తెర మాటను ఆపదు

ఏన్కూరు మండలంలో ఎవరైనా పురుగుమందు తాగితే తల్లాడ, వైరా మీదుగా ఖమ్మం పెద్దాసుపత్రికి తీసుకెళ్తారు. ప్రాణం గట్టెక్కాక మానసిక వైద్యుణ్ణి పిలుస్తారు. ఆయన వచ్చేదీ జనరల్ వార్డుకే. ఇలాంటి వార్డుల్లో మంచాల మధ్య చెయ్యి చాపేంత జాగా ఉంటే గొప్ప. పక్క మంచం వాళ్లు టిఫిన్ డబ్బా మూత తీస్తూ చెవులు ఇటే పెడతారు. మంచం మీది ఆడమనిషిని "ఎందుకు తాగినవమ్మా?" అని అడిగితే, "కడుపునొప్పికి తట్టుకోలేక" అంటుంది. మొగుడు తలాపునే నిలబడితే ఇంకేం చెబుతుంది? పేపర్లో రోజూ కనబడే ఆ ముక్కే కేసు షీటుకూ ఎక్కుతుంది.

రక్తపరీక్షలో తేలే సంగతి కాదిది. అప్పా, దెబ్బలా, మళ్లీ చావాలని ఉందా అన్నది నోటితో చెబితేనే తెలియాలి. చాటు లేకపోతే పరీక్షే జరగనట్టు. ఆకుపచ్చ తెర అడ్డం పెడితే మనిషి కనబడదు గానీ మాట వినబడుతూనే ఉంటుంది.

వేళ కూడా చూడాలి. విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కువైతే మనిషి కలవరిస్తుంది, లేనివి చూస్తుంది. అప్పుడు చూసినవాళ్లు "పిచ్చి పట్టింది" అనేస్తే, ఆమెకన్నా ముందు ఆ పేరు ఊరు చేరుతుంది.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి వివరాలను గుట్టుగా ఉంచాలంటుంది. వైద్యం చేసే ఇతర సిబ్బందికి చెప్పొచ్చు. ప్రాణాపాయం తప్పించడానికి అవసరమైనంత మేరకూ చెప్పొచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అంటుంది 115వ సెక్షన్. కేసవుతుందన్న భయంతోనే చాలామంది నిజం మింగేస్తారు కాబట్టి, డాక్టర్ ముందుగా చెప్పాల్సింది ఈ మాటే.

వేరే గది లేదంటారు. ఖాళీగా ఉన్న డ్రెస్సింగ్ రూమ్ చాలు. నడవలేకపోతే అటెండెంట్లను కాసేపు బయటికి పంపి, గొంతు తగ్గించి అడగొచ్చు. అలాగని ఒంటరిగా వదలకూడదు: నర్సుకు మనిషి కనబడాలి, మాట వినబడకూడదు. తండా నుంచి వచ్చిన లంబాడీ కోడలికి అత్తగారే దుబాసీ అయితే ఏం లాభం? ఊరి ఆశా కార్యకర్త కూడా తెలిసిన మొహమే. ఆ భాష వచ్చిన ఆసుపత్రి సిబ్బందే మేలు.

ఇంటికెళ్లాక మానసిక సహాయ ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. స్పీకర్ మాత్రం పెట్టొద్దు. ఇక తోడు వచ్చినవాళ్లు, డాక్టర్ రాగానే "మీరు మాట్లాడండి సార్, నేను చాయ్ తాగొస్తా" అని లేస్తే సగం పని అయినట్టే.