మొదటి వెల్డింగు యంత్రము: కొనదలచిన రైతులకు కొన్ని సూచనలు

వరికోతల కాలమున ట్రాలీ తలుపు బందు విరిగినచో రైతునకు కలుగు నష్టము ఆ ఇనుప ముక్క వెలతో తీరునది కాదు. ధాన్యము కళ్లములో నిలిచిపోవును. మబ్బు పట్టిన దినమున ఆ ఆలస్యమే పంటను తడుపును. అతుకుపని అరగంటదే యైనను, ట్రాలీని పట్టణమునకు ఈడ్చుకొనిపోయి దుకాణము ముందు వేచియుండుటకు దినమంతయు పట్టును. అందుచేత రామగుండము, సుల్తానాబాదు, మంథని ప్రాంతములందలి రైతులు పలువురు, ఇంటనే ఒక చిన్న వెల్డింగు యంత్రము ఉంచుకొనిన బాగుండునని తలచుచున్నారు. తలంపు మంచిదే. అయితే పెట్టెపై అచ్చువేసిన పెద్ద అంకెను చూచి గాక, మన పనిని, మన ఇంటి కరెంటును చూచి యంత్రమును కొనవలయును.

ఏ రకము?

అంగళ్లలో ముఖ్యముగా మూడు రకములు కనబడును. మొదటిది పాత ట్రాన్స్‌ఫార్మరు సెట్టు. ఇది మొండిది, చిరకాలము నిలుచునది. కాని మిక్కిలి బరువు. దుకాణములలో వాడు పెద్ద సెట్లు తరచుగా రెండు ఫేజుల కరెంటును కోరును. రెండవది ఇన్వర్టరు సెట్టు. ఒక చేత ఎత్తదగినంత తేలికయై, ఇంటి సింగిల్ ఫేజుపై రాడ్డుతో అతుకును. మూడవది మిగ్ యంత్రము. ఇందు తీగ చుట్టనుండి తనంతట వచ్చుచుండును. సాధారణముగా గ్యాసు సిలిండరు కూడ కావలయును.

పాత కారు లేక జీపు గల సభ్యులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలయును. కారు పైరేకు మందము సుమారు 0.8 మిల్లీమీటరు మాత్రమే. దానిపై రాడ్డు పెట్టిన రంధ్రము పడును. ఆ పనికి మిగ్ యంత్రమే తగినది. కాని ట్రాలీ అడుగురేకు, యాంగిలు ఇనుము, కేజ్ వీలు, గేటు మొదలైనవి 3 మిల్లీమీటర్లును, అంతకు మించియు మందము గలవి. బయట గాలిలో మిగ్ గ్యాసు చెదరిపోవును. రాడ్డు మీది పూత కరగి తానే అతుకును కాపాడును. కనుక రైతునకు మొదటి యంత్రము ఇన్వర్టరు రాడ్డు సెట్టే కావలయును.

ఇంటి కరెంటు ఎంత మోయగలదు?

2.5 మిల్లీమీటర్ల రాడ్డునకు 60 మొదలు 90 ఆంపియరులును, 3.15 మిల్లీమీటర్ల రాడ్డునకు 90 మొదలు 130 ఆంపియరులును పెట్టుట వాడుక. చిన్న రాడ్డుతో 80 ఆంపియరులపై పనిచేయునపుడు సామాన్యపు ఇన్వర్టరు ఇంటి లైనునుండి ఇంచుమించు 13, 14 ఆంపియరులు లాగును. ఇది 16 ఆంపియరుల సాకెట్టునకు లోబడినదే. పెద్ద రాడ్డుతో 120 ఆంపియరులకు పోయినచో లైనుపై భారము 20 దాటును, సాకెట్టు కాలును. ఇంటి సర్వీసునకు మంజూరైన లోడు చాలనిచో ముందుగా విద్యుత్ కార్యాలయమున పెంచుకొనవలయును.

పొడుగు వైరు కూడ కరెంటును తినును. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరును 30 మీటర్లు లాగినచో, ఆ భారమునకు సుమారు 15 వోల్టులు దారిలోనే పోవును. సాయంకాలము లైను వోల్టేజి తగ్గు గ్రామములలో ఈ నష్టము మరింత బాధించును. రాడ్డు వెలుగక అతుక్కొనిపోవును. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడిన నష్టము సగమునకంటె తగ్గును.

బావి మోటారు లైనుపై వెల్డింగు చేయుట కూడదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఇచ్చుట నీరు తోడుకొనుటకే. మంజూరైన పనికి గాక వేరు పనికి వాడుట 2003 విద్యుత్ చట్టము ననుసరించి జరిమానాకు పాత్రము.

పెట్టెపై అంకె

200 ఆంపియరులు అని వ్రాసినంతనే నమ్మరాదు. దాని ప్రక్కన డ్యూటీ సైకిలు ఎంతయో చూడవలయును. 160 ఆంపియరులకు 60 శాతము అనినచో, పది నిమిషములలో ఆరు నిమిషములు పనిచేసి నాలుగు నిమిషములు విశ్రమింపవలయునని భావము. ఈ లెక్క సాధారణముగా 40 డిగ్రీల వేడికి కట్టినది. మన బొగ్గుగనుల ప్రాంతమున వేసవి 45 డిగ్రీలు దాటుట కలదు గనుక, మన యంత్రము మరింత త్వరగా అలసిపోవును. నీడలో ఉంచి, ఫ్యాను రంధ్రములలో దుమ్మును తరచుగా దులుపవలయును.

సొమ్మును పంచుకొనుట

పదిహేను వేల రూపాయలు ఉన్నచో అంతయు యంత్రముపై పెట్టరాదు. ఎనిమిది, తొమ్మిది వేలకు మించకుండుట మేలు. మిగిలినది 10వ నంబరు నల్లద్దము గల మాస్కు, తోలు చేతితొడుగులు, గ్రైండరు, మంచి వైరు, వేరు స్విచ్చు, రాడ్డులకు కావలయును. ఐ.ఎస్. 814 గుర్తుగల 6013 రకపు రాడ్డులు మొదట నేర్చుకొనువారికి అనుకూలము. వానిని చెమ్మ తగులకుండ మూతగల డబ్బాలో ఉంచవలయును. వారంటీ కాగితమును, మరమ్మతు ఎక్కడ చేయుదురను మాటను కొనుటకు ముందే అడుగవలయును.

ఇంట చేయరాని పనులు

స్టీరింగు, బ్రేకు, ట్రాలీని ట్రాక్టరుకు తగిలించు కొక్కెము, వీనిని కొత్తగా నేర్చినవారు అతుకరాదు. అతుకు పైకి నున్నగా కనబడినను లోపల పట్టు లేకపోవచ్చును. దారిలో ఊడినచో ప్రాణములే పోవును. టైరు బిగించియున్న రిమ్మును, డీజిలు పోసిన పీపాను ఎన్నడును ముట్టరాదు. ఖాళీ పీపాలోని ఆవిరియే పేలును. రోటవేటరు కత్తులు గట్టి ఉక్కువి గనుక అతుకు ప్రక్కనే మరల విరుగును, మార్చుటయే మేలు.

ట్రాక్టరుపైగాని కారుపైగాని పనిచేయునపుడు ముందు బ్యాటరీ తీగలు విప్పవలయును. ఎర్తు పట్టును అతుకు దగ్గరనే బిగింపవలయును. లేనిచో కరెంటు బేరింగుల గుండ పోయి వానిని చెరచును. తడినేలపై నిలువరాదు. నైలాను బట్టలు ధరింపరాదు. పిల్లలను ఆ వెలుగు చూడనీయరాదు. రాత్రికి కన్నులు ఇసుక పడినట్లు మండును. జింకు పూత గల రేకునుండి లేచు పొగ జ్వరము తెచ్చును గనుక పూతను ముందే గీకవలయును.

నేర్చుకొనుట, కలసి కొనుట

ఈ విషయమున మన ప్రాంతమునకు ఒక సౌకర్యము కలదు. సింగరేణి గనులును, 1983లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండము ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రమును ఉండుటచే అతుకుపని ఎరిగినవారు ఇచ్చట కొరత కాదు. అట్టివారి యొద్ద పది దినములు కూర్చుండి, పాత ఇనుపముక్కలపై చేయి తిప్పుట మంచిది. చదువుకొను కుమారులు గలవారికి ఐ.టి.ఐ.లో వెల్డరు శిక్షణ ఒక సంవత్సరమే.

ఏడాదికి నాలుగైదు అతుకులు మాత్రమే గల రైతు ఒక్కడే కొనుట దండుగ. అట్టివారు పదిమంది చేరి ఒక యంత్రము కొని, తెలిసిన ఒకరి చేతికి అప్పగించి, అద్దె సొమ్మును రాడ్డులకును మరమ్మతునకును నిలువచేసినచో తలా వేయి, పదునైదు వందలతో పని జరుగును. సభ్యులు ఈ సంగతిని రాబోవు సంఘ సమావేశమున చర్చించి, కోతలకు ముందే ఒక నిర్ణయమునకు రావలయును.