వెన్న తగ్గించిన ఊళ్లు

రొట్టె మీద మందంగా వెన్న. పక్కన మీగడ తీయని పాలు. కూరలో పంది మాంసం, చేతినిండా ఉప్పు. ఫిన్లాండ్‌లో రష్యా సరిహద్దును ఆనుకుని ఉన్న నార్త్ కరేలియాలో 1970 ప్రాంతంలో భోజనమంటే ఇదే. పదిమందిలో ఎనిమిదిమందికి పైగా రొట్టెకు వెన్నే రాసుకునేవారు. పొద్దస్తమానం అడవిలో చెట్లు కొట్టే మగవాళ్లు నడివయసులోనే గుండెపోటుతో కూలిపోయేవారు. ఒళ్లు వంచని వాళ్లకే గుండెజబ్బు వస్తుందనే నమ్మకం అక్కడ చెల్లలేదు.

1971 జనవరిలో ఆ ప్రాంత గవర్నరు, పార్లమెంటు సభ్యులు, సంఘాల పెద్దలు కలిసి ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. రోడ్డు కోసమో వంతెన కోసమో కాదు, గుండెజబ్బును ఆపమని! మరుసటి ఏడే, ముప్పయ్యేళ్లయినా నిండని డాక్టర్ పెక్కా పుస్కా సారథ్యంలో పని మొదలైంది.

వెనకటి కథ క్లుప్తంగా: రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాడి పెరిగింది, పాలూ వెన్నా పుష్కలమయ్యాయి; 1950ల చివర్లో మొదలైన ఏడు దేశాల అధ్యయనంలో గుండెజబ్బుల విషయంలో తూర్పు ఫిన్లాండ్ మగవాళ్లే ముందున్నారు. వెన్నలో సగం సంతృప్త కొవ్వే. అది ఎక్కువైతే రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను లాగేసే పనిలో కాలేయం మందగిస్తుంది. మిగిలిపోయింది రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది.

పుస్కా బృందం కరపత్రాలతో సరిపెట్టుకోలేదు, వంటింట్లోకి నడిచింది. అసలు ముచ్చట ఇక్కడే ఉంది. మార్తా అనే మహిళా సంఘం ఊరూరా సాయంత్రం విందులు పెట్టింది. అక్కడివాళ్లు ప్రాణంగా చూసుకునే కరేలియా మాంసం కూరనే వండారు. కొవ్వు తగ్గించి, దుంపలూ క్యారెట్లూ కలిపారు. కూరగాయలంటే పశువుల మేత అనుకునే చోట అందరూ తిని చూశాకే మాట్లాడుకున్నారు. సాసేజ్‌లు చేసే స్థానిక సంస్థను ఒప్పించి, పంది కొవ్వు కొంత తీసి పుట్టగొడుగులు వేయించారు. వెన్న అమ్ముడుపోకపోతే పాడిరైతు ఏం కావాలి? అందుకే 1980ల్లో బెర్రీ పండ్ల సాగు వైపు దారి చూపారు. తర్వాత ఊళ్ల మధ్య పందేలు పెట్టారు: ముందొకసారి, కొన్నాళ్లకు మరోసారి రక్తపరీక్ష. ఊరి సగటు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా దించిన ఊరికే బహుమతి. పక్కింటాయన వెన్న డబ్బా ఊరందరి పట్టింపు అయింది. ఏ డాక్టరు చీటీకీ ఇంత బలం ఉండదు.

1972లో మగవాళ్ల సగటు కొలెస్ట్రాల్ డెసిలీటరుకు సుమారు 265 మిల్లీగ్రాములు. 2007 నాటికి 210 దగ్గరికి దిగింది. 35-64 ఏళ్ల మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 2006 నాటికి 85 శాతం తగ్గాయి.

ఇదంతా వెన్న మహిమేనా? కాదు. సిగరెట్లు తగ్గాయి, బీపీకి వైద్యం పెరిగింది. పోల్చి చూడటానికి ఎంచుకున్న పొరుగు ప్రాంతం కువోపియోలోనూ మరణాలు తగ్గడంతో, ఘనత ఎంతవరకు ఈ ప్రాజెక్టుదన్న వాదన నేటికీ ఉంది. అయినా మరణాల తగ్గుదలలో, ముప్పు కారణాలన్నింటిలోకీ పెద్ద వాటా కొలెస్ట్రాల్ తగ్గడానిదేనని పరిశోధకులు లెక్కగట్టారు.

మన వంటింటికి

నూనె ప్యాకెట్ మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని ఉంటే మురిసిపోనక్కర్లేదు, ఏ గింజ నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. వెనకవైపు సంతృప్త కొవ్వు ఎంతో చూడాలి. పామోలిన్‌లో అది దాదాపు 40 శాతం, పొద్దుతిరుగుడు నూనెలో పది పన్నెండు.

చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే మరో కొవ్వు ట్రాన్స్ కొవ్వు. నూనెల్లో అది 2 శాతం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2022 జనవరి నుంచి ఉంది.

ఓట్స్, బార్లీ, పప్పులు, బెండకాయల్లోని కరిగే పీచు చెడు కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుంది. అలాగని డాక్టరును అడగకుండా కొలెస్ట్రాల్ మాత్ర మానేయడం ప్రమాదం.

కాఫీ విషయానికొస్తే, ఫిన్లాండ్‌లో అప్పట్లో కాఫీ పొడిని నీళ్లలో మరగబెట్టి తాగేవారు. కాగితపు ఫిల్టర్‌కు మారడమూ కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడింది: దాన్ని పెంచే కెఫెస్టాల్ అనే పదార్థం చాలావరకు ఆ కాగితంలోనే ఆగిపోతుంది.