ఎడారి దిబ్బ మీద టైరు పరీక్ష: ముందు గాలి లెక్క చెప్పండి

జీపు టైర్ల ప్రకటనల్లో తరచూ ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఎత్తయిన ఇసుక దిబ్బ, దాని మీదికి ఎగబాకుతున్న బండి, వెనక చక్రాల నుంచి ఆకాశానికి ఎగజిమ్ముతున్న ఇసుక. చూసేవాళ్ళకు అది టైరు బలంగా తోస్తుంది. నిజానికి అది టైరు ఓడిపోతున్న క్షణం. ఇసుక అంతగా ఎగురుతోందంటే చక్రం తిరిగినంత మేర బండి ముందుకు కదలడం లేదని అర్థం. ఇంజను శక్తిలో చాలా భాగం ఇసుకను వెనక్కి తోడిపోయడానికే ఖర్చయిపోతోంది. ఇంకాసేపు అలాగే తిరిగితే టైరు తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. ఇసుక మీద బాగా పనిచేసే టైరు పెద్దగా దుమ్ము రేపదు, నేలను ఎక్కువ మేర అదిమి చదునైన అచ్చు వేసుకుంటూ పోతుంది. అందుకే ఫలానా టైరును ఎడారి దిబ్బల మీద పరీక్షించామని ఎవరైనా చెప్తే, దాని ట్రెడ్ (పైగాడుల తీరు) ఎలా ఉందని అడగడం తర్వాత సంగతి. అందులో ఎంత గాలి ఉంది, బండి బరువెంత, ఆ రోజు ఇసుక ఎలా ఉంది అన్నవి ముందు అడగాలి. ఈ మూడూ చెప్పని పరీక్ష వల్ల కొనేవాడికి ఒరిగేదేమీ లేదు.

ఎండిన దిబ్బ ఇసుకకు మట్టిలా అంటుకునే గుణం లేదు. రేణువుకీ రేణువుకీ మధ్య రాపిడి ఒక్కటే దాని బలం. ఒకేచోట బరువు ఎక్కువగా పడితే రేణువులు పక్కలకు జరిగిపోయి చక్రం దిగబడుతుంది. అదే బరువును పరిస్తే పైపొర దాన్ని మోయగలుగుతుంది. చిన్న లెక్క చూద్దాం. 2,400 కిలోల బండిలో ఒక్కో చక్రం మీద 600 కిలోల భారం ఉందనుకుంటే, తారురోడ్డు మీద ఉంచే 35 పీఎస్ఐ గాలితో టైరు నేలను తాకే జాగా సుమారు 245 చదరపు సెంటీమీటర్లు. గాలిని 15కి దించితే అది 570 దగ్గరికి వెళ్తుంది. టైరు గోడలకు సొంత బిగువు ఉంటుంది కాబట్టి అసలు కొలతలు కొంత తేడాగా వస్తాయి, కానీ జాగా బాగా పెరుగుతుందన్నది మాత్రం ఖాయం. గాలి తగ్గితే టైరు అడ్డంగా ఉబ్బుతుందని చాలామంది అనుకుంటారు. అచ్చు ఎక్కువగా పెరిగేది పొడవునే. పోలండ్‌లో పుట్టిన ఇంజనీరు బెక్కర్ 1956లో వెలువరించిన గ్రంథంతో నేలకూ చక్రానికీ మధ్య జరిగేదాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టాడు. జాగా ఒకటే అయినప్పుడు పొట్టిగా వెడల్పుగా ఉన్న అచ్చు కంటే సన్నగా పొడవుగా ఉన్న అచ్చుకే ఇసుక తక్కువగా అడ్డుపడుతుందని ఆయన వాదించాడు. ముందున్న ఇసుకను తోసుకుంటూ పోవాల్సిన వెడల్పు తగ్గుతుంది కదా! తర్వాత చంద్రుడి మీద తిరిగిన బండి రూపకల్పనలోనూ ఆయన పాలుపంచుకున్నాడు.

ఈ శాస్త్రం పుట్టకముందే ఎడారిలో బండి నడిపినవాళ్ళు దీన్ని కనిపెట్టారు. బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ 1920లలో, 30లలో ఈజిప్టు, లిబియా ఎడారుల్లో మామూలు ఫోర్డు కార్లు వేసుకుని తిరిగాడు. కార్లకు అసాధ్యమనుకున్న మహా ఇసుక సముద్రం అనే దిబ్బల ప్రాంతంలోకి ఆయన బృందం చొరబడగలిగిందంటే కారణం కేవలం టైర్ల రకం కాదు. టైర్లలో గాలి తగ్గించడం, కూరుకుపోతే చక్రాల కింద ఇనుప రేకులు పరవడం, ఏ వాలు గట్టిగా ఉందో చూపుతోనే పసిగట్టడం ఆ బృందం నేర్చుకున్న విద్యలు. ఆ అనుభవంతోనే 1940లో ఆయన దూర ఎడారి గస్తీ దళాన్ని నెలకొల్పాడు. గాలికి ఇసుక ఎలా కదులుతుంది, దిబ్బలు ఎలా ఏర్పడతాయి అన్న దాని మీద 1941లో ఆయన ప్రచురించిన పుస్తకాన్ని భౌగోళిక శాస్త్రవేత్తలు నేటికీ వాడుతున్నారు. ఆ మరుసటి ఏడే అమెరికాలో తయారైన డక్ అనే నేలా నీరూ నడిచే సైనిక లారీలో, డ్రైవరు సీటు దిగకుండానే టైర్ల గాలి పెంచుకునే, తగ్గించుకునే ఏర్పాటు వచ్చింది. సముద్రపు ఒడ్డు ఇసుక దాటడానికి ఒక గాలి, దాటాక రోడ్డుకు మరో గాలి. ఇసుకలో బండి కదలికను మార్చేసిన ఈ మలుపులు రెండూ గాలి పీడనానికి సంబంధించినవేనన్నది గమనించాలి.

మరి నికరమైన పరీక్ష ఎలా ఉంటుంది? దిబ్బ ఎక్కిందా లేదా అన్నది పరీక్ష కాదు, అది డ్రైవరు ఊపును బట్టి మారిపోతుంది. పరీక్షించే బండి వెనక మరో బండిని తాడుతో కట్టి, మధ్యలో బలాన్ని కొలిచే పరికరం పెట్టి, వెనకబండి మెల్లగా బ్రేకు వేస్తూ పోతే, టైరు ఎంత లాగగలుగుతోంది, ఆ లాగుడులో చక్రం ఎంత జారుతోంది అన్నవి అంకెల్లో తేలతాయి. అంతకుముందే ఇసుక బలాన్ని కొలవాలి. దీనికి కొసన శంకువు ఉన్న కడ్డీని నేలలోకి గుచ్చి, ఎంత బలం పట్టిందో చూస్తారు. అమెరికా సైన్యం విక్స్‌బర్గ్‌లోని తన పరిశోధన కేంద్రంలో ఈ పద్ధతిని ఏళ్ళ తరబడి సానబెట్టింది. దిబ్బకు గాలి వీచే వైపు వాలు తక్కువగా, ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది. అవతలి వైపు ఇసుక జారిపడుతూ 32, 34 డిగ్రీల వాలు దగ్గర నిలుస్తుంది, అక్కడ అడుగు పెడితేనే దిగబడుతుంది. తెల్లవారుజామున పైపొరలో ఉండే చెమ్మ మధ్యాహ్నానికి ఉండదు. పైగా ఎండకు, పరుగుకు టైరు వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి కూడా పెరుగుతుంది. రోడ్డు గాలి ఉన్న టైరులో ఐదారు డిగ్రీల వేడికి దాదాపు ఒక పీఎస్ఐ. అంటే పొద్దున ఒక టైరును, మధ్యాహ్నం మరో టైరును పరీక్షించి మొదటిదే మేలు అంటే, అక్కడ గెలిచింది టైరు కాదు, పొద్దు. ఒకసారి బండి నడిచిన చాలు మీద ఇసుక తీరు మారిపోతుంది కాబట్టి ప్రతిసారీ కొత్త దారి కావాలి. మధ్యమధ్యలో ఒకే పాత టైరును మళ్ళీ మళ్ళీ ఎక్కించి చూసుకుంటేనే ఇసుక మారిందో, టైరే మారిందో తెలుస్తుంది.

అయితే ట్రెడ్‌కు విలువే లేదా, కంపెనీలు ఇన్ని రకాలు ఎందుకు చేస్తున్నాయి అని అడగవచ్చు. ట్రెడ్‌కు విలువ ఉంది, కానీ నేలను బట్టి. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజ్ వీల్స్ బిగిస్తారు. బురద కింద జానెడు లోతులో గట్టి పొర ఉంటుంది, ఇనుప పళ్ళు దాన్ని అందుకుంటాయి. బురద టైర్ల మీద లోతైన దిమ్మలు చేసే పని కూడా అదే. ఎడారి దిబ్బలో అలా అందుకోవడానికి అడుగున ఏ పొరా లేదు, తవ్వినకొద్దీ ఇసుకే. అందువల్ల బురదలో మేలు చేసిన దిమ్మే ఇక్కడ గునపమవుతుంది. దిబ్బ పందేలలో వాడే తెడ్డుల టైర్లు ఇందుకు మినహాయింపు. తేలికైన బండికి బలమైన ఇంజను పెట్టి, ఇసుకను తెడ్డేస్తూ వేగంతోనే తేలిపోయేలా వాటిని చేస్తారు. బరువైన కుటుంబ బండికి ఆ కిటుకు పనికిరాదు. టైరు తయారీలో ఇసుకకు నిజంగా అక్కరకొచ్చేది మరొకటి: గాలి తగ్గించినా గోడలు మెత్తగా వంగాలి, వేడికి తాళాలి, పక్క వాలులో రిమ్ము నుంచి ఊడిపోకూడదు. ప్రకటన బొమ్మలో ఇవేవీ కనపడవు.

ఇంకో అభ్యంతరం ఉంది. ఇంత తలనొప్పి దేనికి, ప్రయోగశాలలో ఇసుక తొట్టి పెట్టి పరీక్షించుకోవచ్చు కదా? తొట్టి కావాలి, కానీ అదొక్కటే చాలదు. అంగారకుడి మీద ఆపర్చునిటీ రోవరు 2005 ఏప్రిల్ 26న ఒక చిన్న ఇసుక గట్టులో కూరుకుపోయింది. ఇంజనీర్లు భూమి మీద తొట్టిలో అలాంటి మెత్తని నేలను తయారుచేసి, నమూనా రోవరుతో తంటాలు పడి చూసి, చివరికి జూన్ 4న దాన్ని బయటికి తేగలిగారు. తొట్టి అంత మేలు చేసిందన్నది నిజమే. అయినా క్యూరియాసిటీ అనే మరో రోవరు అక్కడ దిగబోయే ముందు 2012లో ఆ ఇంజనీర్ల సంస్థే, అంగారకుడి మీద చక్రాలపై పడే బరువుకు సరిపోయేలా తేలిక చేసిన నమూనాను కాలిఫోర్నియాలోని డ్యూమాంట్ దిబ్బల మీదికి తీసుకెళ్ళింది. గాలి పేర్చిన వాలును, పొరపొరకూ మారే బిగువును తొట్టిలో పూర్తిగా పుట్టించలేరు.

దిబ్బలు బండ్ల కోసం పుట్టినవి కావన్న మాట అన్నిటికంటే బరువైనది. అక్కడ మొక్కలూ, బల్లులూ, పురుగులూ బతుకుతాయి. కాలిఫోర్నియాలోనే ఉన్న అల్గోడోన్స్ దిబ్బల్లో ఒక అరుదైన మొక్కను కాపాడటానికి 2000లో చాలా భాగాన్ని బండ్లకు మూసేయాల్సి వచ్చింది. శిఖరం మీది చాళ్ళను గాలి చెరిపేస్తుంది గానీ, దిబ్బ అంచున మొక్కలున్న చోట గాయం తొందరగా మానదు. పరీక్షలు మానేయాలని నేననను. తొట్టిలో తేలేవి తొట్టిలోనే తేల్చుకుని, దిబ్బ మీదికి తక్కువసార్లు, గీసిన హద్దుల్లో వెళ్ళాలి. గాలి తగ్గించిన టైరు నేలను తక్కువగా తవ్వుతుంది కాబట్టి ఇక్కడ బండి మేలూ నేల మేలూ ఒకటే.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్ళి స్టీరింగు పట్టినవాళ్ళు ఎందరో. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో 2022 నుంచి పొలాల్లో, నిర్మాణ స్థలాల్లో తిరిగే బండ్లకు టైర్లు తయారవుతున్నాయి. టైరు అమ్మేవాళ్ళు పరీక్ష ఫలితం పక్కనే గాలి, బరువు, ఇసుక తీరు కూడా అచ్చువేయాలి. అడగడం మన హక్కు. ఎడారికి వెళ్ళే డ్రైవరు సోదరులకు మాత్రం ఒక్క మాట: ఇసుకలోకి దిగే ముందు గాలి 15, 18 పీఎస్ఐల మధ్యకు దించండి, నిదానంగా నడపండి, ఒక్కసారిగా స్టీరింగు తిప్పకండి. తారురోడ్డు ఎక్కగానే మళ్ళీ నింపండి. తక్కువ గాలితో వేగంగా వెళ్తే టైరు గోడలు వేడెక్కి పేలిపోవచ్చు. అందుకే బండిలో గాలి కొలిచే మీటరు, నింపే చిన్న పంపు లేకుండా దిబ్బల వైపు వెళ్ళవద్దు.