ఫొటో ఫైలు నుంచి అచ్చు కాగితం దాకా

పెళ్లి శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపుకి వెళితే డిజిటల్ పనీ, పాత అచ్చుపనీ పక్కపక్కనే కనిపిస్తాయి. డీటీపీ ఆపరేటర్ కంప్యూటర్లో అక్షరాలు పేర్చి ట్రేసింగ్ పేపరు మీద నల్లగా ప్రింటు తీస్తాడు. మందు పూసి ఆరబెట్టిన స్క్రీన్‌కి ఆ కాగితాన్ని ఆనించి వెలుతురు చూపిస్తారు. వెలుతురు తగిలిన చోట మందు గట్టిపడుతుంది. నలుపు అడ్డుపడిన చోట మెత్తగానే ఉండి నీళ్లకు కొట్టుకుపోతుంది. రంగు దిగేది ఆ సందుల్లోంచే.

అక్షరాల బదులు ఫొటో పెడితే? ఎందరో చిత్రకారులు చేస్తున్న పని దాదాపు ఇదే. డైక్రోమేట్ కలిపిన జిలెటిన్ వెలుగుకు గట్టిపడే గుణాన్ని ఇంగ్లండులో ఫొటోగ్రఫీ తొలి పరిశోధకుడు టాల్బట్ 1852లోనే లోహపు ప్లేట్ల మీద బొమ్మ దింపడానికి వాడుకున్నాడు. అంటే ఫొటోకీ అచ్చుకీ చుట్టరికం పాతదే. కంప్యూటర్ దీనికి కొత్తగా ఇచ్చింది ముఖ్యంగా ఒక్కటి: పెద్ద నెగెటివ్.

వెలుగుతో బొమ్మ దింపే ఈ పాత పద్ధతులకు ఎండ లాంటి గట్టి వెలుగు కావాలి. చిన్న నెగెటివ్‌ని ఎన్‌లార్జర్లో పెట్టి పెద్దది చేద్దామంటే ఆ దీపం చాలదు. నెగెటివ్‌ని కాగితానికి నేరుగా ఆనించాల్సిందే. కాబట్టి బొమ్మ ఎంతో నెగెటివ్ అంత ఉండాలి. ఒకప్పుడు దానికి పెద్ద కెమెరా అయినా ఉండాలి, చీకటిగదిలో మళ్లీ కాపీ తీసే ఓపికైనా ఉండాలి. ఇప్పుడు ఫోన్ ఫొటోని నలుపు తెలుపు చేసి, ఆ రెంటినీ తారుమారు చేసి, ఇంక్‌జెట్ సిరా పట్టే పారదర్శక ఫిల్మ్ మీద ఎ4 సైజులో ప్రింటు తీస్తే నెగెటివ్ సిద్ధం.

మొదలుపెట్టడానికి నీలం బొమ్మలిచ్చే సయనోటైప్ పద్ధతి తేలిక. శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ దాన్ని 1842లో కనిపెట్టాడు. మరుసటి ఏడాదే అన్నా ఆట్కిన్స్ సముద్రపు నాచు మొక్కల్ని నేరుగా కాగితం మీద పరిచి, కెమెరా లేకుండానే, పుస్తకం వేయడం మొదలుపెట్టింది. తర్వాత ఇంజనీర్ల బ్లూప్రింట్లూ ఈ నీలంతోనే వచ్చాయి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ విడివిడిగా నీళ్లలో కరిగించి, సమానంగా కలిపి, మసక వెలుతురులో కాగితానికి పూసి ఆరబెడతారు. సయనైడ్ పేరు విని హడలిపోనక్కర్లేదు, గాఢమైన ఆమ్లాలకు మాత్రం దూరంగా ఉంచాలి, చేతికి తొడుగులు వేసుకోవాలి. పైన నెగెటివ్, దాని మీద అద్దం పెట్టి ఎండలో ఉంచాక పసుపు పోయే దాకా నీళ్లలో కడగాలి. క్షార గుణమున్న బోరు నీళ్లయితే నీలాన్ని తినేస్తాయి, కాస్త వెనిగర్ కలపడం మంచిది. సబ్బు, చాకలి సోడా తగలనివ్వకూడదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. తెర మీద ముచ్చటగా ఉన్న ఫొటో కాగితం మీద అలా రాదు. నీడలన్నీ కలిసి ఒకే నీలం ముద్దయిపోతాయి, తేలిక రంగులు తెల్లగా మాయమవుతాయి. అందుకే ముందు ఖాళీ ఫిల్మ్ కింద కాగితం పూర్తి నీలానికి రావడానికి కనీసం ఎంతసేపు పడుతుందో తేల్చుకుంటారు. తర్వాత తెలుపు నుంచి నలుపు దాకా పది శాతం చొప్పున పెరిగే గళ్ల పట్టీని ఫిల్మ్ మీద వేసి, అచ్చు తీసి, ఆరాక ఏ గడి ఎంత ముదిరిందో చూస్తారు. ఆ తేడాకి విరుగుడుగా సాఫ్ట్‌వేర్లో వెలుగునీడల్ని సర్దే కర్వ్స్ గీతని వంచుతారు. ఈ వంపు ఆ కాగితానికీ, ఆ మందుకీ, ఆ ప్రింటర్‌కీ మాత్రమే సరిపోతుంది. కాగితం మారిస్తే కథ మళ్లీ మొదటికి. విసుగు పుట్టే పనే గానీ దీన్ని దాటేసిన వాళ్లకు మంచి బొమ్మ రావడం అదృష్టమే.

ఫొటోని ప్లేటు మీద గుంటలుగా దింపి అచ్చు తీసే ఫొటోగ్రావ్యూర్ ఇంకాస్త బరువైన పని. 1879లో కారెల్ క్లీచ్ దాన్ని రాగి ప్లేటు మీద సాధించాడు. ఇప్పుడు చాలామంది నీళ్లతో కడిగే ఫొటోపాలిమర్ ప్లేట్లు వాడుతున్నారు. దీనికి నెగెటివ్ కాదు, పాజిటివ్ కావాలి. నల్లని చోట్ల ప్లేటు మెత్తగా మిగిలి, కడిగితే గుంట పడుతుంది, ఆ గుంటలో సిరా నిలుస్తుంది. అయితే నలుపు విశాలంగా ఉంటే గుంట కూడా విశాలమై, తుడిచేటప్పుడు గుడ్డ సిరానంతా లాగేసుకుంటుంది. అది జరగకుండా ముందుగా సన్నటి చుక్కల ఫిల్మ్ పెట్టి ఓసారి వెలుగు చూపిస్తారు. తర్వాత తడి కాగితం, ఎచింగ్ ప్రెస్సు. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు దగ్గరగా చూసినవాళ్లకు కాగితంలోకి దిగిన సిరా అందం తెలిసే ఉంటుంది.

ప్రతి ఫొటోకీ ఇంత శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం. రంగుల మీదే నిలబడ్డ ఫొటో నీలంలో చచ్చిపోతుంది. ఎండా నీడా స్పష్టంగా ఉన్న గోడ, చెట్టు బెరడు, ముడతలు పడ్డ ముఖం బాగా పలుకుతాయి.

ఇలాంటి బొమ్మ కొనేవాళ్లు ఒక సంగతి అడిగి తెలుసుకోవాలి. ఇంక్‌జెట్‌లో నేరుగా తీసిన కాగితాన్నీ ‘ప్రింటు’ పేరుతోనే అమ్ముతారు. కింద పెన్సిల్‌తో 3/20 (ఇరవైలో మూడో ప్రతి) అని ఉన్నంత మాత్రాన అది ప్లేటు మీంచి వచ్చినట్టు కాదు. ఫైలు ఉన్నంతకాలం ఇరవై ఒకటోది తీయడానికి అడ్డేమీ లేదు కాబట్టి, ఆ అంకె కళాకారుడి మాట మాత్రమే. ప్లేటు అచ్చయితే తడి కాగితం మీద ప్లేటు అంచు నొక్కిన గుర్తు సాధారణంగా కనిపిస్తుంది. వేలితో తడిమినా తెలుస్తుంది.